గురువారపు బ్రేకులు

సెవెన్ హిల్స్,
14 ఏప్రిల్ 1991, ఆదివారం

అమ్మా జెన్సీ,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నిజానికి మూడు వారాలు ఊరుకున్నాను కూడా. మొదటిసారి కాగితం తీసి 'మేము ఇక్కడ క్షేమం' అని మొదలుపెట్టాను. ఇప్పుడు మేము అంటే నేనొక్కణ్ణే కదా అని గుర్తొచ్చి కొట్టేశాను. రెండోసారి పెన్ను ఆగిపోయింది. మూడోసారి పెన్ను బాగానే ఉంది, నేనే ఆగిపోయాను. ఇవాళ కూడా రాసేవాణ్ణి కాదేమో గాని, గరాజులో మీ అమ్మ కారు ముందు చక్రాలు లేకుండా రెండు స్టాండ్ల మీద నిలబడి ఉంది. దానికి ఏ బ్రేకులు వెయ్యాలో నువ్వు చెబితే తప్ప తేలదు. నవ్వకు. ఎందుకో చెబుతాను. కానీ నా సంగతి నీకు తెలుసు, తిన్నగా చెప్పడం నాకు చేతకాదు.

ఆ సిగ్మా కారు రిజిస్ట్రేషను ఈ నెలాఖరుతో అయిపోతుంది. పింక్ స్లిప్పు కోసం, అదే తనిఖీ కాగితం కోసం, చూపించే ముందు నేనే ఒకసారి చూసుకుందామని చక్రాలు విప్పాను. ఏలూరు బస్సు డిపోలో కొన్నేళ్ళు, ఇక్కడ బర్వుడ్ డిపోలో మిగతా ఏళ్ళు ఇదే పని చేసినవాణ్ణి, ఎవడో కుర్రాడు టార్చిలైటు వేసి నాకు తప్పు చూపిస్తే ఎట్లా? చక్రం తియ్యగానే రోటరు కనిపించింది. రోటరంటే నీకు గుర్తుందిగా, చక్రం వెనకాల దాంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం. బ్రేకు తొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని చెరోవైపు నుంచి పట్టుకుని ఆపుతాయి. దానికి అట్లపెనం అని పేరు పెట్టింది నువ్వే, నీకప్పుడు ఏడేళ్ళు.

ఆ పెనం మాడిపోయి ఉందమ్మా. చుట్టూ నీలం మచ్చలు. అంచు నుంచి లోపలికి వెంట్రుకల్లాంటి పగుళ్ళు. ఇనుము మామూలుగా అరిగితే వెండిలా మెరుస్తుంది. నీలం తిరిగిందంటే కాలిందని. ఎంతో దూరం, కాలు తియ్యకుండా తొక్కి దిగితే తప్ప అంత కాలదు. మీ అమ్మ కారు తిరిగేదెక్కడ? ఆస్పత్రికి, షాపులకి, ఆదివారం చర్చికి. గురువారం ఆవిడకి సెలవు గనక, కారు నడపడం రాని స్నేహితురాలు వసుంధరని హెలెన్స్‌బర్గ్ గుడికి తీసుకెళ్ళేది. ఈ దారుల్లో అంత దిగుడు లేదు. గుడి దాటి ఇంకాస్త ముందుకెళితే ఉంది. బుల్లై పాస్, కొండ దిగే రోడ్డు. దాని అడుగునే నీ ఇల్లు ఉంది.

ఇక్కడ ఈశ్వరప్రసాద్‌గారి గురించి చెప్పాలి. ఏలూరు డిపోలో మా ఫోర్‌మన్. చొక్కా జేబులో ఎప్పుడూ మందం కొలిచే గేజి పెట్టుకుని తిరిగేవారు. కందిపప్పు కొనడానికి వెళ్ళినా గింజ కొలుస్తారని మేం చెప్పుకునేవాళ్ళం. ఆయన చేత బ్రేకు డ్రమ్ము పారేయించడమంటే మనిషిని పూడ్చినంత పని. "లేత్ పట్టించరా ఎలియాజరూ, ఇనుము ఉన్నంతసేపు అది బతికున్నట్టే" అనేవారు. గీతలు పడ్డదాన్ని లేత్ మీద పెట్టి పైపొర చెక్కేస్తే కొత్తదానిలా నున్నగా వస్తుంది. కాస్త పల్చబడుతుంది, అంతే. మళ్ళీ అరిగితే మళ్ళీ చెక్కడం. మీ అమ్మ నర్సు ఉద్యోగం మీద ఈ దేశం వస్తే, ఆవిడ సామానుతో పాటు వచ్చినవాణ్ణి నేను. నా సామాన్లో ఈ అలవాటొకటి.

రెండేళ్ళలో రెండుసార్లు మీ అమ్మ కారు రోటర్లు లేత్ పట్టించాను. "బ్రేకు వేస్తే స్టీరింగు వణుకుతోందండీ" అనేది. "స్టీరింగు కాదే, నీ కాలు వణుకుతోంది. బ్రేకు మీద కాలేసుకుని కూర్చుంటే ఏ ఇనుమైనా ఏడుస్తుంది" అనేవాణ్ణి. "సరేనండీ" అనేది. ఒక ఆదివారం చర్చి అయ్యాక షాపుల కార్ పార్కుకి తీసుకెళ్ళి, పన్నెండు మైలో డబ్బాలు వరసగా పెట్టి, బ్రేకు ఎంత మృదువుగా తొక్కాలో నేర్పాను. పదిహేనేళ్ళుగా కారు నడుపుతున్న మనిషికి! పట్టుచీర కట్టుకుని, డబ్బా డబ్బాకీ ఆగుతూ, ఒక్క మాట అనకుండా నేర్చుకుంది. తెలిసినవాళ్ళు ఎవరో చెయ్యూపితే నవ్వుతూ తనూ ఊపింది.

రోటరు అంచు మీద ఒక అంకె పోతపోసి ఉంటుంది. అంతకన్నా పల్చబడితే వాడకూడదని. పోయిన అక్టోబరులో కొలిస్తే సరిగ్గా ఆ అంకె మీద నిలబడింది. పారెయ్యాల్సింది. 'ఆస్పత్రికి, గుడికి ఇది చాలులే' అనుకుని మళ్ళీ బిగించాను. ఈశ్వరప్రసాద్‌గారు చూస్తే భుజం తట్టేవారు. డిసెంబరులో మంచాన పడేదాకా మీ అమ్మ వాటి మీదే ఆ కొండ దిగింది, జెన్సీ. ఏమీ కాలేదు. కాలేదు గనక నన్నెవరూ ఏమీ అనలేదు.

సరే, ఆ రోటరుని పాత పేపర్లో చుట్టుకుని వసుంధర ఇంటికి వెళ్ళాను. వాళ్ళాయన శ్రీపతిగారు క్లినిక్కులో ఉన్నారు. ఆవిడ ఉప్మా పెట్టబోతుంటే నేను దాన్ని టీ బల్ల మీద పెట్టాను. గాజు బల్ల, కిర్రుమంది.

"ఇదేంటన్నయ్యగారూ, పెనమా?"

"పెనమే. అట్లు ఎట్లా మాడాయో చూడు. హెలెన్స్‌బర్గ్ దాకా వెళ్ళొచ్చే ఇనుము ఇట్లా నీలం తిరగదమ్మా. గురువారాలు మీరు ఎక్కడికెళ్ళేవారు?"

"గుడికేనండీ."

"వెంకటేశ్వరస్వామికి శనివారం కదా, గురువారమేంటని నేను అప్పుడే అడిగాను. శనివారం రద్దీ అన్నావు."

"రద్దీయే కదండీ" అంది. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను మాత్రం గుళ్ళోనే ఉండేదాన్నన్నయ్యగారూ, ప్రమాణపూర్తిగా. వదిన నన్ను దింపి కిందికెళ్ళేది. రెండు గంటలకి వచ్చేది, ఒక్కోసారి మూడు. స్వామికి నా మొహం కంఠతా వచ్చేసుంటుంది."

తర్వాత అన్నీ చెప్పింది. పులిహోర పొట్లాలు రెండట. వెళ్ళేటప్పుడు నీకొకటి, వచ్చేటప్పుడు నాకొకటి. నేను బాప్టిస్టు సంఘపెద్దని. పొట్లం ముందు పెడితే "ఇది ప్రసాదం కదే" అని గొణిగి, కళ్ళు మూసి ప్రార్థన చేసి, తినేసేవాణ్ణి. మొహమొహాలు చూసుకోని నువ్వూ నేనూ ప్రతి గురువారం ఒకే గంగాళంలో పులిహోర తిన్నామన్నమాట. ఆస్పత్రిలో కూడా, నేను భోజనానికి వెళ్ళినప్పుడు నువ్వు వచ్చేదానివట. అక్కడి నర్సులంతా ఆవిడ స్నేహితులే. "ఎలీ, యూ లుక్ టయర్డ్, గో హోమ్" అని రోజూ నన్ను తోలేవాళ్ళు. నా మీద ఎంత ప్రేమో అనుకున్నాను.

ఇంకో సంగతి ఇప్పుడు అర్థమైంది. గురువారం ఇంటికి రాగానే, బూట్లు కూడా విప్పకుండా, మీ అమ్మ ఫోను దగ్గరికెళ్ళి నంబరు నొక్కి, రెండు రింగులు మోగనిచ్చి పెట్టేసేది. "ఎవరికే?" అంటే "వసుంధరకి. ఇల్లు చేరానని" అనేది. "ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతల. ఇప్పుడే కదా నువ్వే దింపావు?" అని ఎగతాళి చేసేవాణ్ణి. అది నీకని, కొండెక్కి క్షేమంగా వచ్చానని చెప్పడమని, ఇంత పెద్ద మెకానిక్కుకి తట్టలేదు.

ఇంక చెప్పాల్సిందానికి వస్తాను. ఎనభై ఎనిమిది జులైలో మన ఇంట్లో గృహప్రార్థన. పాస్టరుగారు ప్రార్థన మనవులు అడిగారు. ఒకరు వీసా అన్నారు, ఒకరు మోకాళ్ళన్నారు, ఒకావిడ తమ్ముడి పరీక్షలంది. నా వంతు వచ్చింది. నువ్వు వంటింటి గుమ్మంలో టీ కప్పుల ట్రే పట్టుకుని నిలబడ్డావు. స్టీవ్‌ని చేసుకుంటానని నువ్వు చెప్పి అప్పటికి ఆరు రోజులు. ఆ ఆరు రోజుల్లో నాతో మాట్లాడదామని మూడుసార్లు వచ్చావు, మూడుసార్లూ పేపరు అడ్డం పెట్టుకున్నాను. నీతో ఒక్క మాట మాట్లాడనివాణ్ణి, ఇరవై మంది ముందు లేచి నిలబడి, "దారి తప్పిన నా కుమార్తె జెన్సీ కోసం, ఆ విడాకులవాడి చేతిలోంచి ప్రభువు ఆమెను విడిపించేలాగున ప్రార్థించండి" అన్నాను. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆమెన్ అని తెరిచేసరికి ట్రే బల్ల మీద ఉంది. ఒక్క కప్పు కూడా ఒలకలేదు. నువ్వు లేవు.

ఎదురుగా అనలేనిదాన్ని దేవుడికి చెబుతున్నట్టు పదిమందికి వినిపించడం మనవాళ్ళలో మామూలే. ఎవరూ తప్పనుకోరు. నేనూ అనుకోలేదు. నా బాధ అనుకున్నాను. ఆ తర్వాత నెలంతా నీ పేరు సంఘం జాబితాలో ఉంది, ఒకరి వీసాకీ ఇంకొకరి కీళ్ళనొప్పులకీ మధ్య. మీ అమ్మ ఆ కాగితం చర్చిలో తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, సంచిలో దాచేసేది. నాతో ఏమీ అనలేదు. గురువారాలు గుడికెళ్ళడం మొదలుపెట్టింది.

నేను ఎనిమిదితో బడి ఆపినవాణ్ణి. ఇంగ్లీషు రిపేరు పుస్తకాల్లో నేర్చుకున్నాను, పక్కన డిక్షనరీ పెట్టుకుని. ఆ పుస్తకాల్లో ప్రతి అధ్యాయం చివరా ఒకటే మాట ఉంటుంది: విప్పిన వరసకి వెనక వరసలో బిగించవలెను. ఆ మాట మీద నాకు చాలా నమ్మకం. కానీ నిన్ను ఏ వరసలో విప్పానో గుర్తుంది గాని, వెనక వరస ఎక్కడ మొదలవుతుందో తెలియట్లేదు. సమాధి రోజున నువ్వు చివర నిలబడ్డావు, చంకలో పాప. నాకు మనవరాలుందని మీ అమ్మ పెట్టె ముందు నిలబడి తెలుసుకున్నాను. వెనక్కి రెండుసార్లు చూశాను. మూడోసారి చూసేసరికి మీరు లేరు.

నిన్న విడిభాగాల షాపుకి వెళ్ళాను. కౌంటరు దగ్గరాయన "రోజూ నడిపే కారేనా మేట్?" అన్నాడు. అవునన్నాను. "ఎక్కడ నడుపుతావు?" అన్నాడు. ఇంకా తేలలేదన్నాను. మూడు రకాలు తెచ్చి పెట్టాడు. ఒకటి పల్చటి పోత, షాపులకీ చర్చికీ బోలెడు. ఒకటి చిల్లులు పొడిచింది, కుర్రాళ్ళు మోజుపడేది. తొందరగా చల్లారుతుందంటారు గాని పగుళ్ళు ఆ చిల్లుల దగ్గరే మొదలవుతాయి, రోజూ నడిపే కారుకి జల్లెడ ఎందుకు? మూడోది బరువైంది, మంచి పోత, ఎంత వేడైనా ఓర్చుకుని మెల్లగా వదులుతుంది. కొండ దిగే కారుకి అదే. ఈ వీధుల్లోనే తిరిగే ముసలాడికి మూడోది అనవసరం. నీ గుమ్మం దాకా రానిస్తే మొదటిది పనికిరాదు. పాతవాటిని చెక్కించడానికి ఇంక ఇనుము లేదు. మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను.

క్షమించమని అడగడానికి ఇంత దూరం తిరిగొచ్చాను. క్షమించమ్మా. నాకేం తెలియదు. మీ అమ్మ నీ దగ్గరికొస్తోందనీ తెలియదు, ఆ బ్రేకులు దేనికి వేస్తున్నానో కూడా తెలియదు. ఏ రోటర్లు వెయ్యమంటావో ఒక్క ముక్క రాయి. అప్పటిదాకా కారు స్టాండ్ల మీదే ఉంటుంది. పాలకి నడిచే వెళ్తున్నాను.

మీ నాన్న,
ఎలియాజర్


థిరూల్,
29 ఏప్రిల్, సోమవారం

నాన్నా,

నా తెలుగు చూసి నవ్వకు. అమ్మ బైబిల్ మీద వేలు పెట్టి నేర్పించిందే, ఇంకేం ప్రాక్టీస్ లేదు. ఇంగ్లీష్‌లో రాద్దామనుకున్నా గాని, ఇంగ్లీష్‌లో అయితే నిన్ను బాగా తిట్టేస్తానని భయం వేసింది.

నీ లెటర్ రెండుసార్లు చదివా. ఫస్ట్ టైమ్ కిచెన్‌లో నిలబడి. సెకండ్ టైమ్ బాత్‌రూమ్‌లో డోర్ వేసుకుని. పాప షీనా బయట తలుపు కొడుతూనే ఉంది.

నీకేం తెలియదని రాశావు. నీకు తెలుసనుకున్నా నాన్నా. ఫస్ట్ థర్స్‌డే అమ్మ వచ్చినప్పుడే అడిగా, డజ్ హీ నో అని. "ఎందుకు తెలీదే? ఆయనకి మాట రాదు. బ్రేకులు చేసి పంపిస్తారు" అంది. కొండ దిగాలి కదా అని చక్రాలు విప్పి కొలుస్తారంది, లేత్‌కి పట్టుకెళ్తారంది. నీకు డ్రైవింగ్ కూడా నేర్పారా అని అమ్మని అడిగితే, పాస్ మీద జాగ్రత్తగా దిగాలని మైలో టిన్స్ పెట్టి నేర్పారని చెప్పి చూపించింది, ఇక్కడ లివింగ్ రూమ్‌లో షీనా బ్లాక్స్ వరసగా పెట్టి. ఎంత నవ్వామో. స్టీవ్ బయటికెళ్ళి చక్రాల్లోంచి తొంగి చూసి, యువర్ ఓల్డ్ మ్యాన్ డజ్ నైస్ వర్క్ అనేవాడు. అతను మైన్‌లో ఫిట్టర్, ఊరికే అనడు.

ఆ రెండు రింగులు కూడా నువ్వేనంది. "నేను ఇంట్లో అడుగుపెట్టగానే మీ నాన్నే నంబరు నొక్కి పెట్టేస్తారు, నీకు తెలియాలని." థర్స్‌డే అయిదింటికి ఫోన్ పక్కనే కూర్చునేదాన్ని. ఎత్తేదాన్ని కాదు. ఎత్తితే నువ్వు మళ్ళీ చెయ్యవేమోనని.

ప్రేయర్ మీటింగ్‌కి సారీ చెప్పావు. ఆ రోజు ట్రే ఎలా కింద పెట్టానో నాకే తెలియదు. కానీ దానికి నేను అలవాటు పడిపోయా. నా దగ్గర ఇంకో నాన్న ఉన్నాడు కదా, మాట రాక బ్రేకులు చేసి పంపించే నాన్న. ఈ లెటర్‌తో ఆయన్ని కూడా తీసేశావు. ఆయన్ని అమ్మ తయారు చేసిందని ఇప్పుడు తెలిసింది. అమ్మ పోయిన ఇన్నాళ్ళకి ఆయనా పోయాడు.

నిజం చెప్పకుండా ఉండటం నీకు చేతకాదు, ఐ నో. ఈ ఒక్కటి చెప్పకుండా ఉండాల్సింది.

రోటర్స్ ఏవి వెయ్యాలో నన్ను అడక్కు. నువ్వే తేల్చుకో. గురువారం మాత్రం రావద్దు. అది అమ్మ రోజు.

జెన్సీ


సెవెన్ హిల్స్,
18 మే 1991, శనివారం

ప్రేమలీలా,

నీకు నేనెప్పుడూ ఉత్తరం రాయలేదు. పెళ్ళికి ముందు రాయనివ్వలేదు, పెళ్ళయ్యాక ఒక ఇంట్లోనే ఉన్నాం. ఇప్పుడు రాద్దామంటే పోస్టు చెయ్యడానికి ఊరి పేరు లేదు. అందుకని నీ కారు సర్వీసు పుస్తకంలో, వెనక ఖాళీగా ఉన్న పేజీల్లో రాస్తున్నాను. ముందు పేజీల్లో అంతా నా రాతే. 'ముందు రోటర్లు లేత్ పట్టించడమైనది. కారణం: డ్రైవరు అలవాటు.' రెండుసార్లు అదే రాశాను. రెండిటినీ ఇవాళ కొట్టేశాను.

నువ్వు అబద్ధం ఆడవని సంఘంలో ఎంతమందితో చెప్పానో. నాకు గుడి అని చెప్పావు, పిల్లకి నాన్న అని చెప్పావు. రెండోది ఎక్కువ బాగా కట్టావు. ఆ మనిషి గురించి పిల్ల రాసింది చదివితే నాకే ఆయనంటే ఇష్టం కలిగింది. కొంచెం అసూయ కూడా.

దాని ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు గరాజులోకి వెళ్ళలేదు. అయిదో రోజు షాపుకెళ్ళాను. "తేలిందా, ఎక్కడ నడుపుతావో?" అన్నాడు ఆయన. "బుల్లై పాస్" అన్నాను. బరువైనవి తెచ్చి ఇచ్చాడు. బిగించాను. కొత్తవాటి మీద ముందే గట్టిగా తొక్కకూడదు, మెల్లగా ముప్ఫై సార్లు తొక్కి వదిలి, చల్లారనిచ్చి, ప్యాడ్లకీ వాటికీ అలవాటు చెయ్యాలి. ఆ పని నీకు నేర్పిన కార్ పార్కులోనే చేశాను. ఈసారి డబ్బాలు పెట్టలేదు. పన్నెండు చోట్లా నువ్వు ఎక్కడ ఆగావో గుర్తుంది.

పింక్ స్లిప్పు తెచ్చి రిజిస్ట్రేషను కట్టాక, మొన్న గురువారం వసుంధరని గుడికి తీసుకెళ్ళాను. నువ్వు పోయాక ఆవిడకి తీసుకెళ్ళేవాళ్ళు లేరు, నోరు తెరిచి అడగదు. "మీరెందుకన్నయ్యగారూ, సంఘంలో ఏమన్నా అనుకుంటారేమో" అంది. "ప్రార్థన మనవిగా పెట్టుకోమనమ్మా" అన్నాను. ఆవిడ లోపలికెళ్ళింది, నేను కార్లో కూర్చున్నాను. కిందికి వెళ్ళే రోడ్డు అక్కణ్ణించి ఎంతో దూరం లేదు. గురువారం రావద్దంది కదా. పొట్లంలో పులిహోర తిని, ఆవిడ వచ్చాక తిన్నగా ఇంటికొచ్చేశాను. రెండో పొట్లం వద్దన్నాను.

ఇవాళ వెళ్ళాను. పాస్ పైనుంచి రెండో గేరులో దిగాను, వెనక బొగ్గు లారీ ఒకటి మీదికొస్తున్నట్టే వచ్చింది. బస్సు డిపోల్లో బతికినవాణ్ణి, అది నాకు కొత్త కాదు. మొదటి మలుపు తిరగగానే చెట్ల సందులోంచి సముద్రం మొత్తం ఒక్కసారి కనిపించింది. కిందంతా నీలం. నువ్వు ప్రతి వారం ఇది చూసేదానివి. ఇంటికొచ్చి నాకు చెప్పడానికి వీల్లేదు గనక చెప్పలేదు. కారు పక్కకి తీసి ఆపే చోటు లేదక్కడ. అట్లాగే దిగాను.

తలుపు స్టీవ్ తీశాడు. ఎత్తుగా ఉన్నాడు, జుట్టు పల్చబడుతోంది. మూడేళ్ళు నేను దేవుడికి ఫిర్యాదు చేసిన మనిషి చేతిలో బంగాళాదుంప చెక్కే పీలరు ఉంది. "షీ నోస్ యూ ఆర్ హియర్" అన్నాడు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు, వరండాలో కుర్చీ వేశాడు. టీ తెచ్చాడు. మన స్టీలు గ్లాసులో. ఆరింట్లో ఒకటి ఏమైందని నేను ఇల్లంతా వెతికించిన గ్లాసు. తర్వాత కారు దగ్గర గొంతుక్కూర్చుని చక్రంలోంచి చూశాడు.

"కొత్తవా?"

"కొత్తవే."

"మంచివే వేశావు."

"ఇంతకు ముందువి మంచివి కావు" అన్నాను. అతను నావైపు చూశాడు. పిల్ల అతనికి చెప్పిందో లేదో తెలియదు. "వెల్, దే హెల్డ్" అని మాత్రం అన్నాడు, ఎట్లాగో ఆపాయి కదా అన్నట్టు.

అప్పుడు షీనా బయటికొచ్చింది. నీ గడ్డం దానికి. నన్ను చూడలేదు, కారుని చూసింది. "అమ్మమ్మా!" అని పరిగెత్తింది. డ్రైవరు తలుపు దగ్గర మునివేళ్ళ మీద నిలబడి, అద్దం అందక, తలుపుని చేత్తో కొట్టింది. అటువైపు వెళ్ళి కొట్టింది. మళ్ళీ ఇటు వచ్చి కొట్టింది. స్టీవ్ లేవలేకపోయాడు. నేనూ లేవలేకపోయాను. జెన్సీయే లోపల్నుంచి వచ్చి దాన్ని ఎత్తుకుంది. ఎత్తుకుని, తలుపు తీసి, ఖాళీ సీటు చూపించింది. పాప సీటు కిందకి కూడా వంగి చూసింది.

"ఏవి వేశావు?" అంది జెన్సీ, నావైపు తిరక్కుండా.

"బరువైనవి."

"పాస్‌కి సరిపోతాయా?"

"సరిపోతాయమ్మా."

సరే అన్నట్టు తల ఊపింది. పాపని తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఎంతసేపు ఉన్నా మళ్ళీ రాలేదు. గ్లాసు వరండా గోడ మీద పెట్టి బయల్దేరాను. మళ్ళీ రమ్మని ఎవరూ అనలేదు. రావద్దని కూడా అనలేదు. వీధి మలుపు దగ్గర అద్దంలో చూస్తే స్టీవ్ ఒక్కడే గేటు దగ్గర ఉన్నాడు, చేతిలో పీలరుతో.

అయిదున్నరకి ఇంటికొచ్చాను. రోటర్లు చూశాను, నీలం లేదు. బూట్లు విప్పకుండా ఫోను దగ్గరికెళ్ళి, నంబరు నొక్కి, రెండు రింగులు మోగనిచ్చి పెట్టేశాను.

నీ
ఎలియాజర్